మధ్యలో ఆపడం కూడా ఒక నిర్ణయమే



చేపట్టిన పనిని మధ్యలో వదలరాదని పెద్దలు మనకు నేర్పారు. చదువులో, వ్యాపారంలో, ఇచ్చిన మాట విషయంలో ఆ బోధ మనకు రక్షణగా నిలుస్తుంది. అయితే అదే సూత్రాన్ని టీవీ ధారావాహికలకు కూడా వర్తింపజేసి, నచ్చని కథను సైతం చివరిదాకా చూడడం మన ఇళ్లలో అలవాటుగా మారుతోంది. ఈ మాసం ఆ అలవాటును గురించి కొంత ఆలోచిద్దాం.

తిరువూరులో మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం ఉంది. ఇషా నమాజు, భోజనాలు ముగిసిన తరువాత దాదీ, కోడలు, ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమరాలు ఒకచోట చేరి ఏదో ఒక ధారావాహిక చూస్తారు. పగలంతా ఎవరి పనులు వారివి కనుక ముగ్గురికీ ఆ గంట ఎంతో ప్రీతికరమైనది. మొన్న వేసవిలో మనుమరాలు ఒక థాయ్ అద్భుత ప్రేమకథను ఎంపిక చేసింది. మొత్తం 16 భాగాలు. ఒక్కొక్కటి సుమారు గంట. శాపగ్రస్తుడై వందల ఏళ్లుగా జీవిస్తున్న రాకుమారుడు నాయకుడు; నేటి బ్యాంకాక్ యువతి నాయిక.

మొదటి భాగం ఆశ కలిగించింది. రెండవ భాగానికి శాపపు నియమం మారింది. మూడవ భాగంలో మళ్లీ మారింది. మరణించినవాడు తిరిగివచ్చాడు, ఎలా వచ్చాడో ఎవరూ చెప్పలేదు. పైగా, వద్దని వారిస్తున్న నాయికను నాయకుడు చేయిపట్టి ఈడ్చుకొని పోతుంటే వెనుక మధురమైన సంగీతం. దాదీ ఊరుకోలేక, “ఏమే, ఆ పిల్ల వద్దంటుంటే వీడు వదలడేం?” అని అడిగారు. మనుమరాలి దగ్గర జవాబు లేదు. కాని ఆపడానికీ మనసు రాలేదు. “ఇప్పటికే మూడు గంటలు చూశాం కదా దాదీ! ఇప్పుడు ఆపేస్తే అదంతా వృథా అవుతుంది” అంది.

ఈ మాట ఆ అమ్మాయి ఒక్కదానిదే కాదు, మనందరిదీ. 1985లో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే అమెరికన్ పరిశోధకులు ఈ మనస్తత్వంపై ఒక అధ్యయనం ప్రచురించారు. ఒహాయో విశ్వవిద్యాలయ నాటకశాలలో ఏడాది నాటకాలన్నిటికీ కలిపి టిక్కెట్లు కొనడానికి వచ్చినవారిలో కొందరికి 15 డాలర్ల పూర్తి ధరకు, మరికొందరికి 2 లేక 7 డాలర్ల రాయితీతో వాటిని ఇచ్చారు. ఎవరికి ఏ ధర అన్నది యాదృచ్ఛికమే. కనుక నాటకాలపై ఆసక్తిలో వారి మధ్య భేదం ఉండవలసిన పని లేదు. అయినా మొదటి ఆరు నెలల్లో పూర్తి ధర చెల్లించినవారే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. వారిని నడిపించింది నాటకం కాదు, చెల్లించిన సొమ్ము.

ధారావాహికకు మనం చెల్లించేది కాలం. ఆపినా, కొనసాగించినా గడిచిన మూడు గంటలు తిరిగి రావు. మన చేతిలో ఉన్నవి మిగిలిన 13 గంటలే. ప్రశ్న వాటిని గురించే వేసుకోవాలి.

దీనిని బట్టి థాయ్ కథలన్నీ ఇంతేనని తీర్మానించడం న్యాయం కాదు. 2018లో ఆ దేశపు ఛానల్ 3 ప్రసారం చేసిన ‘బుప్ఫేసన్నివాత్’ కూడా అద్భుత ప్రేమకథే, 15 భాగాలు. నేటి యువతి ఆత్మ 17వ శతాబ్దపు అయుత్థయ నగరంలోని మరొక స్త్రీ శరీరంలో ప్రవేశించడం అందులోని ఇతివృత్తం. ఇది మన విశ్వాసానికి అంగీకారమైన విషయం కాదు. కథను కథగా చూసే విచక్షణను పెద్దలు పక్కన కూర్చుని నేర్పవలసి ఉంటుంది. అయినా ఆ ధారావాహిక చూసినవారు నాటి దుస్తులు ధరించి అయుత్థయ శిథిలాలను దర్శించడానికి తరలివెళ్లారు. కథ వారిలో తమ చరిత్రపై జిజ్ఞాసను రేపింది.

ఆ నగరం మనకూ పూర్తిగా పరాయిది కాదు. 1656 నుండి 1688 వరకు పాలించిన నారాయి రాజు కాలంలో మచిలీపట్నం ఓడలు బంగాళాఖాతం దాటి మెర్గూయ్, తెనస్సరిం రేవులకు వెళ్లేవి. అక్కడి నుండి సరుకు భూమార్గాన అయుత్థయకు చేరేది. పర్షియన్ ముస్లిం వర్తకులు ఆ ఆస్థానంలో ఉన్నత పదవులు నిర్వహించారు. 1685లో ఇరాన్ పాలకుడు షా సులైమాన్ పంపిన రాయబార బృందం సయాం చేరింది. ఆ యాత్రా వృత్తాంతం ‘సఫీనయె సులైమానీ’ అనే పారశీక గ్రంథంగా నేటికీ నిలిచి ఉంది. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేవరకు తిరువూరు కూడా మచిలీపట్నం ముఖ్య పట్టణంగా గల కృష్ణా జిల్లాలోనిదే. ఒక మంచి కథ ఇంతదూరం ఆలోచింపజేయగలదు. పేలవమైన కథ ‘తరువాత ఏమవుతుంది’ అనే ఒక్క ప్రశ్నతోనే మనలను కట్టివేస్తుంది.

కాలహరణం ఒక్కటే నష్టమైతే ఇంత చెప్పనక్కరలేదు. నాయికను కొట్టి, బలవంతపెట్టి, చివరకు ఆమె ప్రేమను పొందే నాయకుల కథలకు థాయ్ భాషలో ‘తొప్ చూప్’ అనే ప్రత్యేకమైన పేరే ఉంది. చెంపదెబ్బ, ముద్దు అని దాని అర్థం. ఆ దేశంలోనే ఈ ధోరణి విమర్శకు గురైంది. మన తెలుగు తెరపైనా వెంటపడి వేధించడాన్ని ప్రేమగా చూపిన కథలకు కొదువ లేదు. మరో నాలుగైదేళ్లలో పెళ్లి సంబంధాల మాట వినబోయే అమ్మాయి, వద్దన్న మాటకు విలువ లేని ప్రేమను 13 గంటలు చూస్తే ఏమి నేర్చుకుంటుంది? నికాహ్‌కు అమ్మాయి సమ్మతి అవసరమని బోధించే ధర్మంలో పుట్టిన పిల్ల ఆమె.

ఆ ఇంటి కోడలు రిమోట్ లాక్కోలేదు, మందలించలేదు. “బేటా, ఇంతవరకు ఏమీ చూడలేదనుకో. కథ ఈ నాలుగవ భాగంతోనే మొదలవుతుందంటే, చూస్తావా?” అని అడిగారు. అమ్మాయి కాసేపు ఆలోచించి, చూడనని చెప్పింది. అంతటితో ఆ ధారావాహిక ఆగిపోయింది.

మరునాటి రాత్రి ఆ గంట మాత్రం ఆగలేదు. దాదీ తమ నికాహ్ నాటి సంగతి చెప్పారు. వకీలు, ఇద్దరు సాక్షులు సమ్మతి అడగడానికి గదిలోకి వస్తే సిగ్గుతో ఆమెకు నోట మాట రాలేదట. వకీలు విసుక్కోకుండా, తొందరపెట్టకుండా మళ్లీ అడిగి, ఆమె జవాబు విన్న తరువాతే బయటికి వెళ్లారట. మనుమరాలు ఆ కథను ఎన్నడూ వినలేదు. అప్పటినుండి ప్రశ్న మీద ప్రశ్న వేస్తూనే ఉందని ఆమె తల్లి చెప్పారు.

పిల్లలు ఒక పనిని మధ్యలో ఆపుతామన్నప్పుడు, అది ఎవరికి ఇచ్చిన మాటో మొదట విచారించండి. పరీక్షకు సిద్ధమవుతున్న పిల్ల చదువు మానేస్తానంటే ధైర్యం చెప్పి కూర్చోబెట్టవలసిందే. ఇరుగుపొరుగుకు చేస్తామన్న సాయం మనకు విసుగు పుట్టినంత మాత్రాన తీరిపోదు. ధారావాహికకు మాత్రం మనం ఏ మాటా ఇవ్వలేదు. కొత్త కథ మొదలుపెట్టే ముందే, మూడవ భాగం తరువాత అందరం కలిసి మాట్లాడుకొని కొనసాగించాలో లేదో తేల్చుకుందామని ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. ఆపాలని అనుకుంటే, ఎందుకు ఆపుతున్నారో ముందుగా పిల్లలనే చెప్పనివ్వండి.