మోడళ్లు కాదు, ప్లాట్‌ఫామ్‌లు లెక్కపెట్టండి

బీటెక్ మెకానికల్ ఫైనలియర్‌లో ఓ కంపెనీలో నా మొదటి ఇంటర్వ్యూ. రెజ్యూమెలో క్యాడ్ సర్టిఫికెట్లు మూడున్నాయన్న ధీమా. ఎదురుగా కూర్చున్నాయన ఒక్కటే అడిగారు: ‘ఒకే ప్లాట్‌ఫామ్ మీద సెడాన్, ఎస్‌యూవీ చేస్తే ఏం మారుతుంది?’ ‘బాడీ మారుతుంది సార్’ అన్నా. ‘ఇంకా?’ అన్నారు. నా దగ్గర ఇంకేం లేదు. అక్కడితో అయిపోయింది.

నిజానికి జవాబు మా ఇంటి పక్కనే ఉంది. నేను పెరిగింది విజయవాడ ఆటోనగర్ దగ్గర. ఒకే రకం లారీ ఛాసిస్ మీద ఒక షెడ్డులో ధాన్యం లోడుకు బాడీ కడతారు, ఇంకో షెడ్డులో ట్యాంకర్ బిగిస్తారు. బ్రేకు కొట్టినప్పుడు లోపలి ద్రవం ఊగి బండిని లాగేయకుండా ట్యాంకులో అడ్డుపలకలు పెడతారు. ఆ అడ్డుపలకలే నేను చెప్పాల్సిన ‘ఇంకా’.

కార్లకే వద్దాం. 2021లో వచ్చిన స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్ ఎస్‌యూవీలు. 2022లో వచ్చిన స్లావియా, వర్టస్ సెడాన్లు. నాలుగింటికీ ప్లాట్‌ఫామ్ ఒకటే: ఎంక్యూబీ ఏ0 ఇన్. వీల్‌బేస్ కూడా నాలుగింటికీ 2,651 మిల్లీమీటర్లే. మన పెనుకొండ ప్లాంటు నుంచి 2019లో వచ్చిన తొలి కియా సెల్టోస్, 2020 నాటి హ్యుందాయ్ క్రెటా కూడా ఇలాగే ఒకే ప్లాట్‌ఫామ్‌ని పంచుకున్నాయి.

‘పేరు మార్చి అదే కారు అమ్ముతున్నారు’ అనే మాటతో నేను ఏకీభవించను. కారు ఎత్తు పెరిగితే గురుత్వ కేంద్రం పైకి పోతుంది. స్ప్రింగులు, డంపర్లు, స్టీరింగ్, స్టెబిలిటీ కంట్రోల్ అన్నీ మళ్లీ సరిచూడాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఆ ఎస్‌యూవీలు 2022లో ఐదు స్టార్లు తెచ్చుకున్నాయి. సెడాన్లు అవే ఐదు స్టార్ల కోసం మళ్లీ క్రాష్ టెస్టుకు వెళ్లాల్సి వచ్చింది, 2023లో తెచ్చుకున్నాయి. పునాది ఒకటే అయినా పరీక్ష ఎవరిది వాళ్లే రాయాలి.

ఉద్యోగం వెతికేవాళ్లు గమనించాల్సింది ఇక్కడే. నాలుగు మోడళ్లు వస్తే డిజైన్ ఉద్యోగాలు నాలుగింతలు అవుతాయనుకోకండి. అసలు పునాది డిజైన్ ఒక్కసారే జరుగుతుంది. తర్వాత వచ్చే ప్రతి మోడల్‌కీ ఎక్కువగా మిగిలేది బాడీ, ఇంటీరియర్, వైరింగ్, ట్యూనింగ్, టెస్టింగ్, విడిభాగాల సప్లయర్ల దగ్గర క్వాలిటీ పని. పైగా అందరూ వాడే ఒక్క పార్టులో లోపం ఉంటే నాలుగు మోడళ్లనూ వెనక్కి పిలవాల్సి రావచ్చు. అందుకే టెస్టింగ్, క్వాలిటీ అంటే చిన్నచూపు వద్దు. మనవాళ్లలో చాలామంది ‘డిజైన్ అయితేనే వెళ్తా’ అని కూర్చుని ఏడాది పోగొట్టుకుంటున్నారు.

నాలుగో సర్టిఫికెట్‌కి ఫీజు కట్టేముందు ఈ పని చేయండి. ఒకే ప్లాట్‌ఫామ్ మీదున్న రెండు కార్ల స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టుకోండి. ఏవి ఒకటే, ఏవి వేరు, ఎందుకు వేరు... ఒక్క పేజీ మీ మాటల్లో రాయండి. కార్లే అక్కర్లేదు, బస్సులైనా సరే. మన మల్లవల్లిలోనే 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు మొదలైంది. ఆటోనగర్‌లో ఓ పూట నిలబడి చూసినా సగం పేజీ నిండుతుంది.

రేపు ఎవరైనా ‘ఇంకా?’ అంటే, నాలా నీళ్లు నమలకుండా చెప్పడానికి ఆ పేజీ చాలు.