పిల్లల చేతికి బొమ్మ తుపాకి: తల్లిదండ్రులు గీయవలసిన గీత ఏది?

పండగ నమాజు ముగిసి, ఆలింగనాలు పూర్తయి, చేతిలో ఈదీ డబ్బులు పడగానే పిల్లలు పరుగెత్తేది బొమ్మల బండి దగ్గరికే. సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా ఇందులో తేడా ఏమీ ఉండదు. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు వెళ్ళినా, రెండేళ్ళకోసారి జరిగే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు వెళ్ళినా బొమ్మల దుకాణం ముందు మగపిల్లల చూపు ముందుగా పడేది తుపాకి మీద, ఆ తర్వాత కత్తి మీద. ఆ సాయంత్రానికి వీధంతా "ఠాం... ఠాం" అనే కేకలతో మారుమోగుతుంది.

ఈ దృశ్యాన్ని చూసి కొందరు తల్లిదండ్రులు నవ్వుకుంటారు. "మేమూ చిన్నప్పుడు ఆడుకున్నవాళ్ళమే కదా, దొంగలమయ్యామా?" అంటారు. మరికొందరు బొమ్మను లాక్కుని విరిచి పారేస్తారు. రెండు వైపులా కొంత న్యాయం ఉంది. అందుకే ఈ విషయాన్ని నవ్వుతోనో కోపంతోనో తేల్చివేయకుండా కాస్త నిదానంగా పరిశీలించాలని మేము భావిస్తున్నాము.

బొమ్మ మారింది

మన తరం ఆడుకున్నది రేకు తుపాకి. అందులో ఎర్ర కాగితపు రీలు పెట్టి నొక్కితే చిన్న మోత, కాస్త పొగ. దాన్ని చూసి ఎవరూ నిజమైన తుపాకి అనుకునేవారు కాదు. నేడు బజారులో దొరుకుతున్న బొమ్మల తీరు వేరు. నల్లని రంగు, అసలు ఆయుధానికి నకలుగా ఉండే ఆకారం, ఎర్రని కాంతి కిరణం, స్ప్రింగు బలంతో దూసుకుపోయే ప్లాస్టిక్ గుండ్లు. ఆ గుండు చేతికి తగిలితే చురుక్కుమంటుంది. కంటికి తగిలితే చూపే దెబ్బతినవచ్చు.

పోయిన చూపు ఎంత ఖరీదైనదో 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్ చూసింది. ప్లాస్టిక్ పైపులో కాల్షియం కార్బైడ్ వేసి, నీళ్ళు పోసి, పుట్టిన వాయువును లైటరుతో అంటించే 'కార్బైడ్ గన్' దీపావళి సమయంలో అక్కడ విచ్చలవిడిగా అమ్ముడైంది. పేలలేదేమిటా అని పైపులోకి తొంగిచూసిన పిల్లల ముఖం మీదే అది పేలింది. భోపాల్ తదితర పట్టణాలలో వందమందికి పైగా కంటి గాయాలతో ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో చాలామంది పిల్లలే. కొందరికి చూపు పోయింది. ఎయిర్‌గన్‌ను కూడా కొందరు బొమ్మగానే భావిస్తుంటారు. 2022 మార్చిలో మన సంగారెడ్డి జిల్లాలోని ఒక ఫామ్‌హౌస్‌లో ఎయిర్‌గన్ గుండు తగిలి నాలుగేళ్ళ పాప ప్రాణాలు కోల్పోయింది. ఇవి బొమ్మలు కావు. వీటి విషయంలో చర్చకే తావు లేదు.

పధ్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. మార్కు ఉండి తీరాలని 2021 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వ నిబంధన అమలులో ఉంది. బొమ్మ కొనేముందు ఆ గుర్తు ఉందో లేదో చూసే తండ్రులు ఎందరు? బండిమీద బొమ్మకు ధర అడుగుతామే తప్ప గుర్తు అడగము.

చూసే కన్ను కూడా ముఖ్యమే

బొమ్మ అసలుదానిలా ఉండటంలో ఇంకొక ప్రమాదం ఉంది. 2014 నవంబరు 22న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో తామిర్ రైస్ అనే పన్నెండేళ్ళ నల్లజాతి బాలుడు పార్కులో బొమ్మ తుపాకితో ఆడుకుంటున్నాడు. ఎవరో పోలీసులకు ఫోను చేశారు. అది బహుశా బొమ్మే అయి ఉంటుందని కూడా ఆ ఫోనులో చెప్పారు. అయినా వచ్చిన పోలీసు కారు దిగిన క్షణాల్లోనే కాల్పులు జరిపాడు. మర్నాడు ఆ పిల్లవాడు కన్నుమూశాడు. అది నిజమైన ఆయుధం కాదని గుర్తించడానికి ముందువైపు ఉండవలసిన నారింజ రంగు గుర్తు ఆ బొమ్మకు లేదు.

మన దేశంలో పరిస్థితి అలా లేదు. కాని ఆ సంఘటన చెప్పే పాఠం మనకూ వర్తిస్తుంది. ఏ పిల్లవాడి చేతిలో బొమ్మ ఉంది అన్నదాన్ని బట్టి చూసే కన్ను మారిపోతుంది. టోపీ పెట్టుకున్న పిల్లవాడు నల్లని తుపాకి పట్టుకుని నిలబడితే మామూ సరదాగా ఫోటో తీసి వాట్సప్‌లో పెడతాడు. ఆ ఫోటో పదిచోట్లకు పాకి, పదకొండోచోట ఎటువంటి వ్యాఖ్యతో తేలుతుందో ఎవరూ చెప్పలేరు. ఇది అన్యాయమే. అన్యాయమని మనం గట్టిగా అనవలసిందే. అయితే ఆ అన్యాయానికి ఎదురొడ్డే భారాన్ని ఆరేళ్ళ పసివాడి భుజం మీద పెట్టకూడదు కదా!

ఈ నేల చూసిన తుపాకి

సూర్యాపేట వాసులకు తుపాకి అంటే సినిమా కాదు. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక సూర్యాపేట బస్టాండులో బస్సు తనిఖీ చేస్తున్న పోలీసులపై ఇద్దరు దుండగులు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు మరణించారు. ఇన్‌స్పెక్టరు తీవ్రంగా గాయపడ్డారు. ఏప్రిల్ 4న జానకీపురం వద్ద జరిగిన ఎదురుకాల్పులలో మరో కానిస్టేబులు ప్రాణం కోల్పోయారు. దుండగులిద్దరూ హతులయ్యారు. గాయపడిన ఎస్.ఐ. సిద్ధయ్య ఆ తర్వాత ఆసుపత్రిలో కన్నుమూశారు. దుండగులు 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న సిమీ సభ్యులని పోలీసులు ప్రకటించారు. ఈ ఊళ్ళతో వారికి ఏ సంబంధమూ లేకపోయినా, ఆ సంఘటన నీడ మాత్రం ఇక్కడి ముస్లిం ఇళ్ళ గడపల దాకా వచ్చింది. పేరు చెప్పడానికే జంకవలసిన రోజులవి.

ఇంకా వెనక్కి వెళితే 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లాయే గుండెకాయ. రజాకార్ల తుపాకి, దేశ్‌ముఖ్‌ల తుపాకి, దళాల తుపాకి, సైన్యం తుపాకి అన్నిటినీ ఈ పల్లెలు చూశాయి. ఏ తుపాకి ఎవరిదైనా, చివరికి ఏడ్చింది తల్లులే. ఆ కాలం నుంచే పిల్లలకు చెప్పదగిన కథలూ ఉన్నాయి. కామారెడ్డిగూడేనికి చెందిన షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో ఏళ్ళ తరబడి పోరాడాడు. ఆయన ఎక్కింది కోర్టు మెట్లు. 1940లో ఆయనను దారికాచి చంపారు. హైదరాబాదులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ చేతిలో ఉన్నది కలం. 1948 ఆగస్టులో ఆయనను చంపినవారు ఆ చేతినే నరికారు. వీరులంటే తుపాకి పట్టినవారేనా అని మన పిల్లవాడు అడిగితే ఈ ఇద్దరి పేర్లు చెప్పగలగాలి.

ధర్మం ఏం బోధిస్తోంది?

ఇక్కడ మేము ఫత్వా ఇవ్వబూనటం లేదు. అది పండితుల పని. ప్రసిద్ధ హదీసు గ్రంథాలలో ఉన్న కొన్ని విషయాలను మాత్రం గుర్తుచేస్తున్నాము.

ఒక పండగనాడు మస్జిదె నబవీలో అబిసీనియావాసులు బల్లాలతో విన్యాసాలు చేశారు. దైవప్రవక్త (స) వారిని వారించలేదు. పైగా హజ్రత్ ఆయిషా (రజి) తనివితీరా చూసేదాకా నిలబడ్డారు. వారిని ఆపబోయిన హజ్రత్ ఉమర్ (రజి)ను వదిలేయమన్నారు. విలువిద్యను ఆయన ప్రోత్సహించిన సంగతీ తెలిసిందే. కనుక ఆయుధరూపంలో ఉన్న ప్రతి ఆటా నిషిద్ధమేనని కొట్టిపారేయటం సబబు కాదు.

అదే సమయంలో, తోటి సోదరుని వైపు ఆయుధం చూపవద్దని దైవప్రవక్త (స) కఠినంగా హెచ్చరించారు. షైతాను చేయి జారేలా చేయవచ్చు, ఎవరికి తెలుసు? తోడబుట్టినవాడైనా సరే చూపరాదన్నారంటే, హాస్యానికి కూడా తగదని పండితులు వివరించారు. బాణాలతో మస్జిదులోనో బజారులోనో నడిచేవారు వాటి మొనలను పట్టుకుని నడవాలన్నారు. ఒక ప్రయాణంలో నిద్రిస్తున్న సహచరుని వస్తువును మరొకరు తీసుకోగా, అతను ఉలిక్కిపడి లేచాడు. ఒక ముస్లిమును భయపెట్టటం మరో ముస్లిముకు ధర్మసమ్మతం కాదని ఆ సందర్భంలోనే ఆయన (స) బోధించారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గీత ఎక్కడుందో తెలుస్తుంది. నైపుణ్యం, క్రమశిక్షణ ఉన్న ఆటకు అనుమతి ఉంది. మనిషి ముఖానికి గురిపెట్టటానికీ, భయపెట్టి నవ్వటానికీ లేదు. నిద్రపోతున్న నానీ చెవి దగ్గర తుపాకి పేల్చి ఇంటిల్లిపాదీ నవ్వుకునే 'తమాషా' ఏ కోవలోకి వస్తుందో పాఠకులే గ్రహించగలరు.

తుపాకి కంటే చెయ్యి ముఖ్యం

బొమ్మ తుపాకితో ఆడినవాడు పెద్దయ్యాక హంతకుడవుతాడని ఏ శాస్త్రమూ తేల్చలేదు. పిల్లలు కర్రపుల్లనూ, చివరకు చూపుడు వేలినీ తుపాకిగా మార్చేస్తారు. వేళ్ళను నిషేధించలేము కదా! అయితే 1961లో అమెరికాలో బందూరా అనే మనస్తత్వశాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఒకటి ఉంది. పెద్దవాళ్ళు ఒక బొమ్మను కొట్టటం చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారు. చూడని పిల్లలు అంతగా కొట్టలేదు. 1992లో వాట్సన్, పెంగ్ అనే పరిశోధకులు చిన్నపిల్లలను గమనించి, బొమ్మ తుపాకుల ఆటకూ నిజమైన దూకుడుకూ సంబంధం కనిపిస్తోందన్నారు. దానితోపాటు తల్లిదండ్రులు విధించే దండనకూ పిల్లల దూకుడుకూ ఉన్న బలమైన సంబంధాన్ని కూడా గుర్తించారు. అంటే, తుపాకి విరగ్గొట్టి పిల్లవాడి చెంప పగలగొట్టే తండ్రి ఏం నేర్పుతున్నట్టు?

ఇంకో సంగతి. 2023 అక్టోబరు తర్వాత గాజాలో వేలాది పసిపిల్లలు హతమయ్యారు. ఆ దృశ్యాలు ఫోన్ల ద్వారా మన పిల్లల కళ్ళదాకా వచ్చాయి. యుద్ధం ఆట ఆడుతున్న పిల్లవాడు ఒక్కోసారి తన భయాన్నే ఆడుతుంటాడు. "ఏం ఆట బేటా ఇది? ఎవరు చనిపోయారు? ఎందుకు?" అని పక్కన కూర్చుని అడిగితే అసలు విషయం బయటపడుతుంది.

మా సూచన

గుండ్లు విసిరే తుపాకి, కార్బైడ్ పైపు, ఎయిర్‌గన్ ఇంటి గడప తొక్కరాదు. అసలు ఆయుధానికి నకలుగా ఉన్న బొమ్మను కొనరాదు. రంగురంగుల నీళ్ళ తుపాకి కొనిపెడితే దానికీ ఒక షరతు ఉండాలి: ముఖానికి గురిపెట్టకూడదు, ఆడనివాడిని తడపకూడదు, దారినపోయేవారిని బెదిరించకూడదు. షరతు తప్పితే ఆ పూటకు బొమ్మ అటక మీదికి. దెబ్బ మాత్రం వద్దు. ఆయుధంతో ఫోటోలు, అది బొమ్మదే అయినా, పంచుకోవద్దు. ఫోన్లో కాల్చే ఆటలకు ఇదే కొలత వేయాలి. ఈదీ డబ్బులు చేతికిచ్చి ఊరుకోకుండా అబ్బానో మామూనో వెంట వెళ్ళి బంతి, బ్యాటు, గాలిపటం చూపించాలి. మన పట్టణాల్లో పిల్లలు ఆడుకునే మైదానాలు ఎన్ని మిగిలాయో మస్జిదు కమిటీలూ, కౌన్సిలర్లూ కూడా లెక్క చూసుకోవాలి. ఆడటానికి చోటు లేనివాడికే ఇరుకు సందులో తుపాకి ఆట దిక్కవుతుంది.

పిల్లవాడి చేతిలోని బొమ్మను ఒక్క క్షణంలో లాగెయ్యగలం. ఎదుటివాడికి నొప్పి కలుగుతుందన్న స్పృహను మాత్రం ఏళ్ళ తరబడి ఇంట్లోనే నాటాలి. రాబోయే పండగకు బొమ్మల బండి ముందు నిలబడినప్పుడు తల్లిదండ్రులు ఈ సంగతి ఒక్కసారి తలచుకుంటే చాలు.