మొదటి వారంలోనే రాసిపెట్టండి

బీటెక్ చివరి ఏడాదిలో చాలామంది అమీర్‌పేటలో జావానో పైథానో నేర్చుకుంటారు. ఆ సందుల్లోనే మేజర్ ప్రాజెక్టు అమ్మకానికి దొరుకుతుంది. కోడ్ ఇస్తారు, బైండింగ్ చేసిన రిపోర్టూ ఇస్తారు. కోడ్ కొనడం తప్పని అందరం అంటాం. రిపోర్టు కొనడం గురించి ఎవరూ మాట్లాడరు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. ఒక ప్రోగ్రాం ఏం చేస్తుందో, దాన్ని ఎలా నడపాలో, ఎక్కడ ఆగిపోతుందో ఇంకొకరికి అర్థమయ్యేలా రాయడానికి నాలుగేళ్ల చదువులో దొరికే మంచి అవకాశం ఆ రిపోర్టు. దాన్ని డబ్బిచ్చి మరీ వదులుకుంటున్నారు.

సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పని చేసినవాళ్లు రాయడాన్ని ఇలా చూడలేదు. యూనిక్స్ మొదటి మాన్యువల్ మీద 1971 నవంబరు 3 అని తేదీ ఉంటుంది. బెల్ ల్యాబ్స్‌లో దాన్ని రాసింది ఆ సిస్టమ్‌ను కట్టిన కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలే. రాయాల్సిందేనని పట్టుబట్టింది వాళ్ల మేనేజరు డగ్ మెకిల్‌రాయ్. కమాండ్ల పేజీల్లో ‘బగ్స్’ అని ఒక విభాగం పెట్టి, తమ ప్రోగ్రాంల లోపాలను తామే రాసుకున్నారు. మాన్యువల్ కొత్త ముద్రణ వస్తుందంటే ల్యాబ్‌లో హడావుడి మొదలయ్యేదని మెకిల్‌రాయ్ తర్వాత చెప్పారు. వికారంగా ఉన్నదాన్ని అచ్చులో పెట్టడానికి మనసొప్పక, చెప్పడానికి వీలుగా ఉండేలా ప్రోగ్రాంనే సరిచేసేవారట. అక్కడ రాత వల్ల కోడ్ బాగుపడింది. 1978లో కెర్నిగన్, రిచీ కలిసి రాసిన సి లాంగ్వేజ్ పుస్తకం పుట్టింది కూడా ఆ వాతావరణంలోనే.

ఇప్పటి పరిస్థితి చూడండి. ఓపెన్ సోర్స్‌లో పనిచేసేవాళ్లు, దాన్ని వాడేవాళ్ల మధ్య గిట్‌హబ్ 2017లో ఒక సర్వే చేసింది. అరకొర డాక్యుమెంటేషనో, పాతబడిపోయిందో తమకు ఎదురైందని 93 శాతం మంది చెప్పారు. డాక్యుమెంటేషన్‌కు చేయి వేయడం అరుదు, లేదా అసలే లేదని కోడ్ ఇచ్చేవాళ్లలో 60 శాతం మంది ఒప్పుకున్నారు. ఇంత ఖాళీ ఉన్న చోట ఫ్రెషర్లు ఎందుకు అడుగు పెట్టరు?

పెట్టడానికి వాళ్లకున్న అర్హత సీనియర్లకు లేదు. కట్టినవాళ్ల మెషీన్‌లో అన్నీ ముందే ఇన్‌స్టాలై ఉంటాయి, వాళ్ల తలలోనూ అంతే. కొత్తవాళ్లకు ఇన్‌స్టలేషన్ సూచనల్లో మూడో లైను దగ్గరే ఎర్రర్ వస్తుంది. సూచనల్లోని ఆ లోపం కొత్తవాళ్లకే కనిపిస్తుంది, అదీ కొన్నాళ్లే. నెల తిరిగేసరికి వాళ్లకూ అలవాటైపోతుంది. అందుకే ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో తడబడిన ప్రతిచోటునూ రాసిపెట్టుకోమంటాను.

ఉద్యోగం ఇంకా రాలేదా? మీరు ఇప్పటికే వాడుతున్న లైబ్రరీ ఒకటి తీసుకోండి. దాని ఇన్‌స్టలేషన్ పేజీ తెరిచి, ఏమీ లేని మెషీన్‌లో మొదటి నుంచి అది చెప్పినట్టే చేయండి. ఆగిపోయిన చోట ఆ లైను సరిచేసి పుల్ రిక్వెస్ట్ పంపండి. గిట్ వాడకం, రివ్యూలో మాట పడటం, జవాబు చెప్పడం అన్నీ అక్కడే వస్తాయి. ఆ పని నచ్చినవాళ్లకు టెక్నికల్ రైటర్ అనే ఉద్యోగం ఉంది. కోడింగ్ రానివాళ్ల ఉద్యోగం అనుకోవద్దు. ఏపీఐకి తానే రిక్వెస్టులు పంపి చూడకుండా దాని గురించి రాసేవాళ్లు మంచి రైటర్లు కాలేరు.

తెలుగు మీడియంలో చదివామని వెనకాడేవాళ్లకు ఒక మాట. ఈ రాతకు కావలసింది పొట్టి వాక్యాలు, వాక్యానికి ఒక్క సూచన. టెక్నికల్ రైటింగ్ మీద గూగుల్ ఉచితంగా ఇస్తున్న కోర్సులు నేర్పేదీ అలాంటి రాతే. అలంకారాలు ఇక్కడ అడ్డమే.

ఏఐ రాసిపెడుతుంది కదా అంటారు. రాస్తుంది, నున్నగానే రాస్తుంది. అది చెప్పిన కమాండ్ నిజంగా నడుస్తుందో లేదో నడిపి చూసి, ఆ పేజీకి పూచీ పడాల్సింది మనిషే.

కాలేజీలు ఈ ఏడాది నుంచే ఒక పని చేయవచ్చు. ప్రాజెక్టు వైవా రోజు రిపోర్టును మూడో సంవత్సరం విద్యార్థి చేతికివ్వండి. ల్యాబ్‌లో ఖాళీ మెషీన్ ముందు కూర్చోబెట్టండి. ఎవరినీ ఏమీ అడగకుండా, ఆ పేజీలు చదివి ఆ జూనియర్ ప్రాజెక్టును ఎంతవరకు నడపగలిగితే రిపోర్టుకు ఆ మేరకు మార్కులు వేయండి.