గల్లీలో మోగించి చూడండి
నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చిన కామాటీల పేరు మోస్తున్న ముంబై కామాటిపురాలో, నిమజ్జనం డాన్సుకు మర్ఫా రికార్డింగు ఎంచుకునే కుర్రాళ్లకు ఒక మాట: మోతను చూసి మోసపోకండి. యెమెన్‌లోని హద్రమౌత్‌ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులూ, ఆఫ్రికా మూలాల సిద్దీలూ హైదరాబాద్‌లో నిలబెట్టిన బాజా ఈ మర్ఫా. చేతి దెబ్బ, కర్ర దెబ్బ వేర్వేరుగా వినబడకపోతే అది ఉత్త గోల. డీజే రీమిక్సుల్లో దెబ్బలన్నిటినీ ఒకే ఎత్తుకు చదును చేసి కింద బేస్‌ కుమ్మరిస్తారు. అసలు మేళంలో దరువు కాస్త ఊగుతుంది, వేగం మెల్లగా ఎక్కుతుంది. కాలు లేచేది ఆ ఊపుకే. ప్రాక్టీసుకు మాత్రం (ఇక్కడ నాతో గొడవపడేవాళ్లున్నారు) వేగం మారని, డఫ్‌ స్పష్టంగా పలికే రికార్డింగే మేలు. ఫోన్‌ స్పీకర్‌లో బేస్‌ ఎలాగూ సరిగా వినబడదు, అడుగు పడాల్సింది పై దెబ్బ మీదే. ఊరేగింపు రోజు సంగతి వేరు. ఇరుకు గల్లీలో ఎదురెదురు చాల్‌ గోడలకు తగిలి తిరిగొచ్చే బేస్‌ తాళాన్ని మింగేస్తుంది. హెడ్‌ఫోన్లలో విని సరిపెట్టుకోకుండా ఆ గల్లీలోనే, ఊరేగింపు స్పీకర్‌ బాక్సుల మీదే ముందురోజు మోగించి తేల్చుకోవాలి. దరువు ఊపందుకునే వేళకు సన్నగిల్లి ఆగిపోయే ట్రాకైతే, ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.