కిటికీ తెరిచిన చెయ్యి



ఈ నెల నా తప్పొకటి మీ ముందు పెట్టి మాట మొదలుపెడతాను. మా సంఘ కార్యాలయములో ఒక కంప్యూటరు ఉన్నది. కోత పండుగ లెక్కలు, ఆరాధన క్రమము అందులోనే తయారవుతాయి. యౌవనస్థుల కూటములోని ఒక అబ్బాయి దానిని చూసుకుంటాడు. ఒకనాడు స్త్రీల సమాజము వారు పాటలు అచ్చు వేయించుకోవడానికి వచ్చి కూర్చున్నారు. ఉన్నట్టుండి తెర మూలన చూడరాని బొమ్మ ఒకటి లేచింది. మూసేస్తే మరొకటి. ఆ వెనుకే, కంప్యూటరులో వైరస్ ఉన్నది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండని ఇంకొకటి. తల్లులు తలలు దించుకున్నారు. అందరి చూపూ ఆ అబ్బాయి మీదికే వెళ్లింది. నేనూ వాడినే అనుమానించాను.

ఆ సాయంత్రం వాడు ఏమీ అనకుండా కూర్చుని వెతికాడు. క్రోమ్ బ్రౌజరులో పై మూలనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచాడు. అనుమతి పొందిన వాటిలో ముక్కూ మొగమూ తెలియని సైటు ఒకటి ఉన్నది. అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. శనివారం రాత్రి ఉచితంగా పాటల ట్రాకులు దొరుకుతాయని వెతికినది నేను. మనిషివో యంత్రానివో తేలాలంటే ‘అలౌ’ నొక్కమంటే నొక్కినది నా వేలే!

“ఎవరైనా నొక్కేస్తారు లెండి, అయ్యగారూ” అన్నాడు వాడు. ఆ మాట నన్ను గుచ్చింది.

యెహోషువ 9వ అధ్యాయములో గిబియోనీయులు పాత గోనెలతో, ఎండి బూజుపట్టిన రొట్టెలతో వచ్చారు. ఇశ్రాయేలు పెద్దలు వారి వేషము చూశారే గాని దేవుని ఆలోచన అడగలేదు, ప్రమాణము చేసేశారు. మూడు దినములకు నిజము తెలిసింది. అక్కడ ఎవరూ తలుపు బద్దలుకొట్టలేదు. లోపలివారే మాట ఇచ్చారు.

ఈ పాప్-అప్ పుట్టుకలోనూ ఒక పాఠమున్నది. 1990ల చివర అమెరికాలో ట్రైపాడ్ అనే సంస్థలో పనిచేసిన ఈతన్ జుకర్‌మన్ దీనికి కోడ్ రాశాడు. ఒక అసభ్యమైన పేజీలో తమ ప్రకటన కనబడిందని ఒక కార్ల కంపెనీ కలవరపడగా, ప్రకటనను వేరే కిటికీలో చూపించే ఉపాయమది. 2014లో ఆయన అట్లాంటిక్ పత్రికలో వ్యాసము రాసి, దానికి క్షమాపణ చెప్పుకున్నాడు. లోకము ఎరిగినవాడే ఒప్పుకున్నాడు; కాపరిని, నేను దాచుకోవచ్చునా?

ఇక చేయవలసినవి. తెలియని సైటుకిచ్చిన అనుమతి తీసివేయండి. ఫోనులోనూ దారి ఇదే. బ్రౌజరులో మీరు పెట్టని ఎక్స్‌టెన్షన్లు, కంప్యూటరులో మీకు తెలియని ప్రోగ్రాములు ఉంటే తొలగించండి. ఇట్టి కిటికీ చాలాసార్లు వట్టి బెదిరింపే. దానిని నమ్మి దించుకున్న ఫైలులోనే అసలు చీడ దాగి వస్తుంది. కనుక విండోస్‌లో ఉన్న డిఫెండర్‌తో ఒకసారి ఫుల్ స్కాన్ చేయించండి. తెర మీది నంబరుకు ఫోన్ చేయవద్దు. డబ్బు పోతే ఆలస్యము చేయక 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ తెలియజేయండి. పాస్‌వర్డులు వేరొక మంచి ఫోనులో నుండి మార్చుకోండి.

తరువాతి ఆదివారం ప్రకటనల వేళ ఆ అబ్బాయిని పక్కన నిలబెట్టుకొని, ఆ తప్పు నాదని సంఘమునకు చెప్పాను. స్త్రీల సమాజములోని ఒక పెద్దమ్మ లేచి వచ్చి, వాడి తల మీద చెయ్యి వేసింది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఫోనులో ఇటువంటిది కనబడితే ముందు చెయ్యి ఎత్తకండి. పక్కన కూర్చుని, ఆ కిటికీ ఎవరు తెరిచారో కలిసి వెదకండి. ఆ చెయ్యి మీదే కావచ్చును.

మీ ప్రార్థనలు కోరుచు,
మీ కాపరి