తెల్లవారేసరికి సీసా ఖాళీ

వానలు పడ్డాక పొలాల పక్క గుంటల్లో వెల్లకిలా ఈదులాడే చిన్న ప్రాణిని మీలో కొందరైనా చూసి ఉంటారు. ఇంగ్లీషువారు దానికి ఫెయిరీ ష్రింప్ అని ముద్దుపేరు పెట్టారు. దేవకన్య రొయ్య అందామంటే నోరు తిరగదు, పైగా రొయ్యకు అది దూరపు చుట్టమే; కనుక ఆ పేరే ఉంచుదాం. మన దక్షిణదేశపు జాతి నొకదాన్ని 1860లోనే బెయిర్డ్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు.

గుంట ఎండినా దీని గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి ఓపిక పడతాయి. ఆ మట్టిని సీసాలో వేసి, నీళ్లు పోసి, పిల్లలు సరదాగా పెంచుతారు. రాత్రి కళకళలాడిన సీసాలో తెల్లవారేసరికి ఒక్క ప్రాణీ కదలదు! దిష్టి అంటుంది బామ్మ. చెయ్యిపెట్టి కెలికావంటాడు పెద్దవాడు. చివరికి నేరం ఇంట్లో అందరికంటె చిన్నదాని నెత్తిన పడుతుంది. దాన్ని కేకలేసేముందు, అవి ఎన్నోనాడు చచ్చాయో లెక్క చూడండి.

పుట్టిన ఒకటి రెండు రోజులకే పోతే దోషం నీటిది. కుళాయినీటిలోని క్లోరిన్ వాటికి విషం. మూతలేని గిన్నెలో ఒక పగలూ రాత్రీ ఉంచితే చాలావరకు పోతుంది. వాననీరైతే మరీ మంచిది. రాగిచెంబు నీళ్లు మనకెంత ప్రశస్తమైనా ఈ జాతికి పనికిరావు. సీసా ఉన్న గదిలో దోమలమందూ కొట్టవద్దు.

నాలుగైదు రోజులు బతికి ఒక్కుమ్మడిగా పోయాయా? అయితే అది ప్రేమ చేసిన పని. ఆకలేస్తుందేమోనని చెంచాడు ఈస్టు గుమ్మరిస్తారు. నీళ్లు పాలలా తెల్లబడతాయి. మిగిలిన తిండి మీద సూక్ష్మజీవులు పెరిగి, నీటిలోని ప్రాణవాయువునంతా అవే తాగేస్తాయి. దీనికి పదకొండు జతల కాళ్లు. ఈతా, భోజనమూ, ఊపిరీ వాటితోనే. పగలు నాచు ప్రాణవాయువు నిస్తుంది గాని, రాత్రి అదీ పుచ్చుకునేదే. అందుకే ఈ చావులు తెల్లవారుజామున! ఎండాకాలం మరీ కష్టం: 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది, 30 డిగ్రీలైతే ఏడున్నరే. ఇరుకుమూతి సీసా మాని వెడల్పు పళ్లెం వాడండి. చిటికెడు ఈస్టు నీళ్లలో కలిపి కొన్ని చుక్కలే వెయ్యండి. నీళ్లు తేటపడేదాకా మళ్లీ పెట్టకండి, ఎవరెంత బతిమాలినా సరే.

నీళ్లు మార్చిన పూటే పోతే, మొత్తం ఒక్కసారి మార్చి ఉంటారు. పావువంతే, అదీ అంతే వెచ్చదనం ఉన్న నీటితో మార్చాలి.

నెల దాటాక ఒకటొకటిగా రాలితే ఎవరి తప్పూ లేదు. వాటి ఆయుర్దాయమే కొద్ది వారాలది.

అడుగున మిగిలిన మట్టిని మాత్రం పారబోయకండి. పెద్దవై గుడ్లు పెట్టాకే పోయి ఉంటే అవి అందులోనే ఉంటాయి. నీడన బాగా ఆరబెట్టి, పొట్లం కట్టి, కొన్ని వారాలకు మళ్లీ వాననీరు పొయ్యండి. అన్నీ ఒకేసారి పొదగవు. కొన్ని రెండో తడికీ, కొన్ని మూడో తడికీ లేస్తాయి.