నీడను చూసి పేరు చెప్పాలట!

పోయిన వారం చెనిక్కాయల పొడి గురించి రాస్తూ, మా చిన్నమ్మాయి సెలవులకు వచ్చి డబ్బా ఖాళీ చేసిందని ఒక మాట అన్నాను కదా. ఆ పిల్ల ఏం చదువుతోందని ఎవరడిగినా ఇన్నాళ్లూ "డిగ్రీ" అని తప్పించుకునేదాన్ని. అసలు సంగతి ఈవారం చెప్పేస్తాను అక్కయ్యలూ.

అది చదివేది యానిమేషన్. ఇంటర్ తర్వాత ఎంట్రన్స్ రాసి చేరే నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. బొమ్మలు గీసి వాటిని నడిపించే చదువన్నమాట. మన పిల్లలు అన్నం తినకుండా చూసే ఛోటా భీమ్ లేడూ, 2008లో టీవీలోకి వచ్చాడు. వాణ్ణి తయారుచేసింది హైదరాబాద్‌లోనే, రాజీవ్ చిలక గారి సంస్థలో. ఆ మాట చెప్పే మా అమ్మాయి వాళ్ల నాయనను ఒప్పించింది. వానను నమ్ముకుని చెనిక్కాయ వేసే ఇల్లు మాది. విత్తనం ఖర్చు కూడా రాని సంవత్సరాలు ఎన్నో చూశాం. అలాంటిది బొమ్మల చదువుకు ఫీజంటే మా అత్తగారు నెలరోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఈ దసరాకు వచ్చిన పిల్ల పుస్తకాల సంచి విప్పనే లేదు. రెండో రోజు రాత్రి అంట్లు తోముతుంటే వెనక నిలబడి, "మా, నేనింక పోను" అంది. నా చేతిలో గిన్నె జారింది.

నెమ్మదిగా అడిగితే చెప్పింది. ఒకే కుటుంబంలో ఐదుగురిని గీసుకుని రమ్మన్నారట. పెద్ద కళ్లు, పొడుగు రెప్పలు పెట్టి చక్కగా గీసుకుపోయింది. వాళ్ల సారు ఆ ఐదు బొమ్మల్నీ నల్ల సిరాతో నింపేసి, "ఇప్పుడు చెప్పు, వీళ్లలో అమ్మ ఎవరు, నాయనమ్మ ఎవరు?" అన్నాడట. ఐదూ ఒకటే అచ్చు! నీడను చూసి పేరు చెప్పగలిగితేనే అది పాత్ర అట. అంతటితో అయిందా? ఒక్కో మనిషిని ముందు నుంచి, పక్క నుంచి, ఏటవాలుగా, వెనక నుంచి గీయాలి. ఎటు తిప్పినా ముక్కు మారకూడదు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు, పది సెకన్ల నడకకు 120. మా పిల్ల నడిపించిన ముసలమ్మ నలభయ్యో బొమ్మకల్లా పడుచుపిల్ల అయిపోయిందట! నాకు నవ్వొచ్చింది గానీ దాని మొహం చూసి ఆపుకున్నాను.

దానికి తోడు పక్కింటి ఆమె, "ఇప్పుడు కంప్యూటరే గీసిపెడుతుందంట గదమ్మా, ఇంక మీకేం పని?" అంది. పిల్ల జవాబు చెప్పలేదు. నాకూ తోచలేదు.

మూడో రోజు ధర్మవరంలో పని పడి దాన్నీ వెంటబెట్టుకుని పోయాను. పని అయ్యాక, పొద్దు ఉంది కదా అని నిమ్మలకుంటకు తీసుకుపోయాను. 2022లో జిల్లాలు విడగొట్టాక మాది శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ, నా నోటికి అనంతపురమే వస్తుంది. ఈ జిల్లాలో తోలుబొమ్మలంటే ఆ ఊరే. 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావు గారిది అదే ఊరు. చిన్నప్పుడు తెల్లవార్లూ ఆట చూసినదాన్ని నేను. తెర వెనక కాళ్ల కింద చెక్కలు టకటకలాడిస్తే యుద్ధం మొదలైనట్టే. మా పిల్లకు మాత్రం తోలుబొమ్మలంటే దీపాలకు పెట్టే బుట్టలే తెలుసు.

ఒక ఇంటి వసారాలో పెద్దావిడ పని చేసుకుంటోంది. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెడితే వెలుతురు ఇవతలికి కనబడేంత పలచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి, నగలు, చీర అంచులు చిన్న చిన్న ఉలులతో రంధ్రాలుగా కొడతారు. చేతులు, కాళ్లు విడివిడిగా కోసి కీళ్ల దగ్గర దారంతో కడతారు. రంగు రెండు పక్కలా వేస్తారు.

ఆవిడ ఇంకా రంగు వేయని ఒక తోలుముక్కను వెలుతురుకు ఎత్తి పట్టింది. కన్ను లేదు, మీసం లేదు. నేను ఊరుకోలేక, "జుట్టుపోలిగాడు!" అన్నాను.

"నీకెట్ల తెలిసె మా?"

"ఆ జుట్టు, ఆ పొట్ట చూస్తే తెలీదా?"

పెద్దావిడ నవ్వి, "తెలియకపోతే ఎట్లమ్మా? ఆడ యెనకాల కూచున్న ముసిలోల్లకు గూడా తెలియాల గదా" అంది.

మా పిల్ల అక్కడే నేల మీద కూలబడింది. ఆ మోచేయి ఎక్కడ కట్టారు, మెడ ఎట్లా తిరుగుతుంది అని గంటసేపు ఆవిడ ప్రాణం తీసింది. బస్సులో అంతసేపూ మాటలే. 1926లో జర్మనీలో లోటె రైనిగర్ అనే ఆవిడ, నల్లకాగితం కత్తెరతో కత్తిరించి, కీళ్లు కట్టి, ఒక్కో కదలికనూ ఫొటో తీసి ఏకంగా పూర్తి నిడివి సినిమా తీసిందట. "మాకు క్లాసులో చూపించినారు మా, నాకప్పుడు మనసుకు ఎక్కలా" అంది. కత్తెరతో సినిమా! మనం రవికెలు కత్తిరించే కత్తెరే కదా.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో మాకు మనశ్శాంతి లేదు. మొహాలు గీయడం మానేసి మా నడకలు గీయడం మొదలుపెట్టింది. "ఇంకోసారి నడువు నాయనమ్మా" అంటే మా అత్తగారు తిడుతూనే నాలుగుసార్లు నడిచింది. గీసినవన్నీ నల్లగా నింపి వంటింటి గోడకు అతికించింది. పక్కింటి ఆమె వచ్చి అడక్కుండానే, "ఇది మీ అత్త, ఇది నువ్వు" అని వేలు పెట్టి చూపించింది. నా బొమ్మలో నడుము ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. ఇన్నేళ్ల బిందెల మోత! అద్దంలో ఎప్పుడూ కనబడలేదు నాకు.

రాత్రి అన్నానికి కూర్చోబోతూ మా ఆయన గోడ దగ్గర ఆగిపోయారు. ఆయన బొమ్మలో కుడిభుజం కిందికి దిగి ఉంది.

"నా భుజం ఇట్లా ఉండాదా?"

ఎవరం మాట్లాడలేదు. సంగటి ముద్ద సగం తిన్నాక, తల ఎత్తకుండానే, "ఫీజు ఎప్పటిలోపల కట్టాల?" అని అడిగారు.

ఆదివారం రెండో డబ్బా పొడితో పిల్ల ధర్మవరంలో రైలెక్కింది. ఆ బొమ్మలు గోడకే వదిలిపోయింది. పోపు చిట్లి అప్పుడే నా బొమ్మ మీద నూనె మరక పడింది.

వచ్చే వారం ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ.